మా బావగారు బిగించడం మరిచిపోయిన రోజు

మా బావగారికి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే: వదులు. కుర్చీ కాలు వదులైనా, తలుపు గడియ వదులైనా, ఎదుటివాడి కళ్ళజోడు మర వదులైనా ఆయన ప్రాణం కుదుటపడదు. జేబులోంచి ఏదో ఒక పనిముట్టు తీసి దాన్ని బిగించాకే నోరు విప్పుతారు. “బాగున్నారా” అన్న పలకరింపు ఆ తరవాతే.

ఆయన మా అక్క భర్త. కార్లు బాగుచేస్తారు. ఆయన షెడ్డుకీ, విడిభాగాలమ్మే నా కొట్టుకీ మధ్య ఒకటే గోడ. అందుకని పదకొండేళ్ళుగా నేను ఆయన్ని కళ్ళతో కంటే చెవులతోనే ఎక్కువ చూశాను. ఇక్కడ రాసేదాంట్లో ఎవరో చెప్పగా విన్నది చాలా తక్కువ.

ఇంట్లో సీసా మూతలన్నీ ఆయనే బిగిస్తారు. మళ్ళీ తియ్యాలన్నా ఆయనే రావాలి. ఓసారి పనిమీద రెండ్రోజులు పొరుగూరు వెళితే ఆ రెండ్రోజులూ ఆ ఇంట్లో పంచదార లేని కాఫీ తాగారు. “బోల్టుకి ఎంత బిగించాలో లెక్కుంటుందంటారు కదా, సీసాకి మాత్రం ఆ లెక్క లేదా?” అని మా అక్క నిలదీసింది. “సీసా చేసినవాడు అంకె రాసివ్వలేదే! నేనేం చెయ్యను?” అన్నారు ఆయన, ఎంతో న్యాయంగా.

పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. నోరు తెరుచుకుని పడుకున్న మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చున్నారు.

“డాక్టరుగారూ, మీ కుర్చీకి కుడివైపు బోల్టు కదులుతోందండీ.”

“కదిలితే కదలనివ్వండి. మీ పన్ను కదులుతోంది, అది చూద్దాం.”

“పన్నుదేముందండీ, నా ఒక్కడిదీ. కుర్చీ అందరిదీ” అంటూ కిందికి దూరారు. బయట ఆరుగురు రోగులు దవడలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ముప్పావు గంట తరవాత చూస్తే ఆ గదిలో వదులుగా మిగిలింది ఆయన పన్ను ఒక్కటే.

ఆయన పంచప్రాణాలూ ఒక టార్క్ రెంచ్‌లో ఉంటాయి. చేయంత పొడుగు పానా అది. పిడి మీద ఒక అంకె పెట్టి బోల్టు తిప్పితే, సరిగ్గా అంత బిగువు రాగానే ‘టక్’ అంటుంది. అక్కడ ఆపెయ్యాలి. ఆ చప్పుడు చెవిన పడితే మా బావగారి మొహం పసిపిల్లాడి మొహంలా విప్పారుతుంది. ఎంత పిచ్చంటే, లోకంలోని అన్ని విషయాలకీ ఆ చప్పుడే కొలత అయిపోయింది. నేను ఇల్లు మారదామని ఒక ఇల్లు చూసొస్తే ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

“టక్ అందా?”

“ఏమో బావగారూ, అన్నట్టు లేదు.”

“అయితే వదిలెయ్.”

వదిలేశాను. నెల తిరక్కుండా ఆ ఇంటి మెట్లు కూలాయి. అప్పట్నుంచీ నేను కూడా ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గడం మొదలుపెట్టాను.

ఊళ్ళో ఆయన పేరు టక్కు మెకానిక్. ఆ మాటకి మోసం అనే అర్థం కూడా ఉంది కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు కారు అప్పజెప్పడానికి కాస్త జంకేవారు. అప్పజెప్పాక మాత్రం ఇంకో షెడ్డు గుమ్మం తొక్కేవారు కాదు.

ఇక బ్రేకుల పని వస్తే అదొక యజ్ఞం. బ్రేకు తొక్కగానే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని రెండు వైపులా పట్టి ఆపే దవడ ఒకటుంటుంది. దాన్ని క్యాలిపర్ అంటారు. ఆ దవడని బండికి పట్టి ఉంచేవి రెండే రెండు బోల్టులు. ఒకసారి విప్పిన ఆ బోల్టుని ఆయన మళ్ళీ వెయ్యరు. “బిగువుకి అది ఒకసారి సాగింది. రెండోసారి సాగమంటే తెగుతుంది” అంటారు. కొత్తవి నా కొట్లోంచి వస్తాయి. ముందు బోల్టు పట్టే కన్నంలోని తుప్పంతా బ్రష్షుతో దులుపుతారు. బోల్టు మరల మీద నీలం రంగు జిగురు ఒక్క చుక్క వేస్తారు. బోల్టుని వేళ్ళతో తిప్పుతారు. వేళ్ళతో ఎక్కని బోల్టుని పానాతో ఎక్కించడం ఆయన దృష్టిలో దౌర్జన్యం. ఆ తరవాతే రెంచ్, ఆ తరవాతే టక్. చివరికి బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి పచ్చరంగుతో ఒక గీత గీస్తారు. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనబడుతుంది.

ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. రెండేళ్ళ కిందట ఆయనకి కొత్త పిచ్చి పట్టుకుంది. ఆదివారం పొద్దున్నే ఒక చిన్న అద్దం, టార్చిలైటు పట్టుకుని వీధుల వెంట బయల్దేరడం, కనబడిన కారు కిందికల్లా దూరి బోల్టులు చూడడం. తను చేసిన బండా, వేరేవాళ్ళు చేసిందా అన్న తేడా లేదు. ఓ ఆదివారం బ్యాంకు మేనేజరుగారు కారు తలుపు తియ్యగానే కింద నుంచి “ఒక్క నిమిషం సార్” అని వినబడింది. ఆయన తలుపు మూసి, లోపలికి వెళ్ళి, మొహం కడుక్కుని మళ్ళీ వచ్చారు. ఈసారి “అయిపోయింది సార్, వెళ్ళండి” అని వినబడింది. ఆ రోజు ఆయన నడిచే వెళ్ళారు.

“కొత్తలో ఇంట్లోవి మాత్రమే బిగించేవారు. ఇప్పుడు ఊరిమీద పడ్డారు” అనేది మా అక్క.

ఒక సోమవారం పొద్దున్న తపాలా ఆఫీసు దగ్గర నేనూ ఆయనా, వీధి మలుపులో ఆపిన ఆయన కారు దగ్గరికి నడిచి వెళ్తున్నాం. నా చేతిలో సామాన్ల పొట్లాలు. ఆఫీసు ముందు నర్సమ్మగారి కారు ఆగి ఉంది. కొండ మీది ఊళ్ళకి వెళ్ళి గర్భిణులకి పురుళ్ళు పోసి వచ్చే మనిషి ఆవిడ. మాట కటువు, చెయ్యి చల్లన. మా బావగారు అలవాటుగా ముందు చక్రం వెనక అద్దం పెట్టి చూశారు. ఎప్పుడూ “ఊఁ” అని లేచే మనిషి ఈసారి లేవలేదు. చెయ్యి లోపలికి పెట్టి తడిమారు. మొహం పాలిపోయింది.

“ఏమైంది బావగారూ?”

“పై బోల్టు లేదు. కిందిది వేలికే తిరుగుతోంది.”

అని చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా కారు కింద బారుగా పడుకున్నారు. అంతలో నర్సమ్మగారు ఆఫీసులోంచి వచ్చారు.

“ఎవరయ్యా అది నా బండి కింద? బయటికి రా!”

“రానండి.”

“రానంటే ఏమిటి? కొండ మీద ఒకమ్మాయికి పొద్దుట్నుంచి నొప్పులు. తప్పుకో!”

“నా కారు తీసుకెళ్ళండి. తాళాలు ఎడమ జేబులో ఉన్నాయి. బావమరిదీ, తీసి ఇవ్వు.”

“నా కారుండగా నీ కారెందుకయ్యా నాకు?”

“ఇది కదలడానికి వీల్లేదండి. కదపాలంటే నా మీంచే పోనివ్వాలి.”

జనం మూగారు. కానిస్టేబులు వచ్చాడు. కాళ్ళు పట్టి లాగితే చెప్పులు మాత్రం చేతికొచ్చాయి. ఆయన ఒంటిమీద వదులుగా ఉన్నవి ఆ రెండే. నర్సమ్మగారు గడియారం చూసుకుని, నా చేతిలోంచి తాళాలు లాక్కుని, “ఈ మనిషిని స్టేషన్లో కూర్చోబెట్టండి. పురుడు పోసి వచ్చి చెబుతా వీడి పని” అని మా బావగారి కారెక్కి వెళ్ళిపోయారు. ఆ కారు కదిలిందని నిర్ధారణ చేసుకున్నాకే ఆయన బయటికి వచ్చారు. తనంతట తనే నడిచి స్టేషనుకి వెళ్ళారు, వెనకే నేనూ.

మధ్యాహ్నానికి నర్సమ్మగారు కొండ దిగి నేరుగా స్టేషనుకి వచ్చారు. ఆడపిల్ల పుట్టిందట, తల్లీబిడ్డా క్షేమమట. అప్పటికి పోలీసు జీపు డ్రైవరు ఆ కారు కిందికి చూసి వచ్చి ఎస్సైగారికి చెప్పాడు.

“సార్, నిజంగానే ఒక బోల్టు లేదు. రెండోది ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది. కొండ దిగేటప్పుడు ఊడితే బ్రేకుండేది కాదు.”

ఎస్సైగారి గొంతు మారింది. “ఈ బండికి బ్రేకులు ఎవరు చేశారమ్మా?”

“పెద్దమేస్త్రిగారు. నాలుగు రోజులైంది” అన్నారు నర్సమ్మగారు.

పెద్దమేస్త్రిగారంటే మార్కెట్టు వెనక షెడ్డు ఆయన. ఊళ్ళో మెకానిక్కులందరిలోకీ పాతవారు. మా బావగారు కూడా ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు.

“అయితే ఆయన్ని పిలిపించండి” అన్నారు ఎస్సైగారు.

బెంచీ మీద కూర్చున్న మా బావగారు దిగ్గున లేచారు.

“ఆయన్నెందుకండీ? ఆయన పని బంగారం. నేనే ఒకరోజు చూద్దామని విప్పాను. బిగించడం మరిచిపోయాను.”

చేప ఈదడం మరిచిపోయానన్నా నమ్మేవాణ్ణి.

“మరి ఆ లేని బోల్టేది?”

“జేబులో వేసుకుని మరిచిపోయానండి.”

“తియ్యి చూద్దాం.”

ఆయన జేబులో చెయ్యి పెట్టి పిడికెడు బోల్టులు బల్లమీద పోశారు. “ఇందులో ఏదో ఒకటండి.”

“అసలు ఊళ్ళోవాళ్ళ బండ్లు నువ్వెందుకు విప్పుతున్నావయ్యా?”

“నాకు పిచ్చండి.”

ఎస్సైగారు నా వైపు తిరిగారు. “నిజమేనా?”

సొంత బావగారి మీద అలాంటి సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? “నిజమేనండి” అని పంచదార సీసా సంగతి, పంటి డాక్టరు కుర్చీ సంగతి చెప్పాను. రాసుకుంటున్న కానిస్టేబులు మధ్యలో కలం ఆపి, “పన్ను సంగతేమైందండీ?” అని అడిగాడు.

నర్సమ్మగారు మాత్రం నవ్వలేదు. మా బావగారి కళ్ళలోకి చూశారు. “పిచ్చివాడు విప్పుతాడు సరే. విప్పినవాడు బండి కదలకుండా దాని కింద పడుకుంటాడా?” అన్నారు. ఆయన తల దించుకున్నారు. ఆవిడ ఎస్సైగారి వైపు తిరిగి, “నాకు ఫిర్యాదేం లేదండి. కొత్త బోల్టులు వేసిమ్మనండి, చాలు” అన్నారు.

ఎస్సైగారు ఊరికే వదల్లేదు. ‘ఇకమీదట బోల్టులు బిగించడం మరిచిపోను’ అని కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టారు. ఆయన చేత వేరే ఏ నేరం ఒప్పించినా అంత కష్టమయ్యేది కాదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ‘టక్కు మెకానిక్ టక్ మరిచిపోయాడట’ అని టీ కొట్లో ఒకటే నవ్వులు. షెడ్డులో ఉన్న రెండు బండ్లు వాటి యజమానులొచ్చి తీసుకుపోయారు.

మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అంది.

“ఈయన మరిచిపోవడం అబద్ధంరా.”

“నీకెలా తెలుసు?”

“నిజంగా మరిచిపోయుంటే ఇవాళ అన్నం ముట్టేవారా? రెండుసార్లు మారు వడ్డించుకున్నారు.”

మర్నాడు నర్సమ్మగారి కారుకి బోల్టులు వేస్తుంటే నేను టార్చి పట్టుకుని పక్కనే చతికిలపడ్డాను. పచ్చగీత గీసేదాకా ఆగి, “ఇప్పుడు చెప్పండి బావగారూ” అన్నాను.

ఆయన చేతులు తుడుచుకున్నారు. “పెద్దమేస్త్రిగారు ఎప్పుడూ టార్క్ రెంచ్ ముట్టలేదు. మణికట్టుతోనే బిగించేవారు. కుర్రతనంలో నేను దొంగచాటుగా రెంచ్ పెట్టి చూసేవాణ్ణి. ప్రతిసారీ సరిగ్గా అంతే! రెండేళ్ళ కిందట ఆయన చెయ్యి విరిగి అతుక్కుంది చూడు, అప్పట్నుంచీ పట్టు పోయింది. ఆయనకి తెలియట్లేదు. చెయ్యి చాలంటుంది, బోల్టు చాలదంటుంది.”

“ఆయనతో చెప్పొచ్చుగా?”

“ఏమని చెప్పను? నాకు బిగించడం నేర్పిన మనిషితో నీకు బిగించడం రాదని చెప్పనా?”

“అందుకని ఆదివారాలు…”

“ఆయన చేసేవి వారానికి మూడో నాలుగో బండ్లు. అవి మాత్రమే చూస్తే దొరికిపోనూ? అందుకని పాతిక చూస్తాను. వదులైనది కనబడితే కొత్త బోల్టు వేసి వస్తాను. పోయిన ఆదివారం నర్సమ్మగారు ఊళ్ళో లేరు. అదొక్కటీ తప్పిపోయింది.”

రెండేళ్ళుగా మేం పిచ్చి అని నవ్వుకున్నది దీన్ని చూసి. అయినా నా మాట కటువుగానే వచ్చింది.

“ఆవిడ నిన్న ఆ కారులో కొండెక్కి ఉంటే బావగారూ?”

“అదే. రాత్రంతా అదే ఆలోచించాను. ఇంక దాచకూడదు. ఇవాళ వెళ్ళి కాళ్ళమీద పడైనా చెబుతాను.”

వెళ్ళాల్సిన పని లేకపోయింది. గంటలో పెద్దమేస్త్రిగారే, మేం పిన్నిగారని పిలిచే తన భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. గుబురు మీసం, చెయ్యెత్తు మనిషి. వస్తూనే గుమ్మంలో నిలబడి గర్జించారు.

“ఒరే అబ్బాయ్, నువ్వు బిగించడం మరిచిపోయావని ఊరంతా అంటోంది!”

“అవునండి మేస్త్రిగారూ.”

“నోర్ముయ్! తొమ్మిదేళ్ళు నా దగ్గర చేశావు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా లేచొచ్చి బోల్టు చూసుకుని పడుకున్న వెధవ్వి. నువ్వు మరిచిపోయావా? ఆ అబద్ధం ఎస్సైకి చెప్పుకో, నాకు కాదు.”

ముసలాయన గొంతు తగ్గింది.

“ఆ కారు నేను చేసిందే కదరా?”

“…అవునండి.”

“ఇలాంటివి ఎన్ని?”

“రెండేళ్ళలో పదకొండండి. అన్నీ మార్చేశాను.”

ఆయన అక్కడున్న టైరు మీద కూలబడ్డారు. తన కుడిచేతిని ఎవరి చెయ్యో చూసినట్టు చూసుకున్నారు. పిన్నిగారు మాత్రం కొంగు దోపుకుంటూ అన్నారు.

“నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను, ఈయన వేసిన తలుపు గడియ పిల్లి తోసినా ఊడుతోందని. వింటేగా!”

ముసలాయన ఎడమచెయ్యి చాపారు. “ఆ టక్ అనే పానా ఇలా ఇవ్వు.”

ముప్పయ్యేళ్ళు ఆయన వెక్కిరించిన పనిముట్టు అది. బల్లకి బిగించి ఉన్న పాత ఇనుప ముక్కలో ఒక కొత్త బోల్టు వేసి, మా బావగారు అంకె పెట్టి ఇచ్చారు. ముసలాయన రెండు చేతులతో లాగారు. సగం దాకా వచ్చి చెయ్యి వణికింది. మళ్ళీ లాగారు. ఊహూఁ. మా అందరికీ ఎటు చూడాలో తెలియలేదు.

“ఇటివ్వండి, చూస్తాను” అని పిన్నిగారు పానా అందుకున్నారు. కాళ్ళు ఎడంగా పెట్టి ఒక్క గుంజు గుంజారు. టక్!

ఆవిడ కళ్ళు మెరిశాయి. “ఇంకోసారి అనిపించనా?”

“వద్దు పిన్నిగారూ! ఒక్కసారే!” అని మా బావగారు కంగారుగా అడ్డం వెళ్ళారు.

ముసలాయన మీసం కింద మొదటిసారి నవ్వు కనబడింది. “నలభై ఏళ్ళు నా పక్కనే ఉంచుకుని నీచేత లెక్కలు రాయించానే” అన్నారు.

ఆ రోజునుంచి పెద్దమేస్త్రిగారి షెడ్డులో పని ఆయనది, బిగింపు ఆవిడది. ఆయన బోల్టులు చూసి, మరలు శుభ్రం చేసి, వేళ్ళతో ఎక్కించి పక్కకి జరుగుతారు. ఆవిడ వచ్చి పానా పడతారు. కుర్రకారు ఇప్పుడు ఆవిడ బిగించడం చూడ్డానికే బ్రేకులు చేయించుకుంటున్నారు.

నర్సమ్మగారి ఇంటికి మాత్రం పెద్దమేస్త్రిగారు స్వయంగా వెళ్ళారు. “తప్పు నాదమ్మా” అన్నారు. “స్టేషన్లోనే అర్థమైందండి. కూర్చోండి, ముందు ఆ చెయ్యి చూపించండి” అన్నారట ఆవిడ. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు ఆయన చేత రబ్బరు బంతి పిసికిస్తున్నారు. అసలు సంగతి మా ఆరుగురికి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎస్సైగారి బీరువాలో ఆ సంతకం కాగితం అలాగే ఉంది.

నెలరోజులు గడిచాయి. వెళ్ళిపోయిన ఖాతాదారులు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒక శనివారం సాయంత్రం షెడ్డు తలుపు మూస్తూ నేను అడిగాను.

“పిన్నిగారు బిగిస్తున్నవి మీరే కదపలేకపోతున్నారు. ఇంకా ఆదివారాలు ఆ కార్ల కింద దూరడం ఎందుకు బావగారూ? హాయిగా పడుకోవచ్చుగా?”

ఆయన నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూశారు.

“ఇప్పుడు మానేశాననుకో. టక్కు మెకానిక్ పిచ్చి ఎప్పుడు కుదిరిందిరా అని నలుగురూ లెక్కవేస్తారు. పిన్నిగారు పానా పట్టిన వారమే అని తేలుతుంది. ఇంకేముంది, అంతా బయటపడిపోదూ?”

“అయితే?”

“అయితే ఏముంది, బతికినన్నాళ్ళూ పిచ్చి తప్పదు” అన్నారు, ఏదో ఉద్యోగం ఖాయమైనట్టు.

మర్నాడు నేనూ ఒక అద్దం, టార్చి పట్టుకుని ఆయన వెంట బయల్దేరాను. ఒక్కడే తిరిగితే పిచ్చంటారు గానీ ఇద్దరు తిరిగితే ఏదో సంఘం అనుకుంటారని నా ధైర్యం. అనుకున్నట్టే జరిగింది. రెండో వీధి తిరక్కుండానే బ్యాంకు మేనేజరుగారు ఎదురొచ్చి, సభ్యత్వానికి ఎవరిని కలవాలని అడిగారు.